కరెంటు ఎక్కడికి పోతుంది

మూడో పీరియడ్ సగంలో ఫ్యాను
తన రెక్కలు తానే లెక్కపెట్టుకుంటూ ఆగింది.
"కరెంటు పోయింది టీచర్!"
నలభై ఒక్క గొంతులు,
వానొచ్చిందన్నంత సంబరంగా.

పోయిందంటే, ఎక్కడికి?
ఊరికే అడిగాను. పాఠం ఇంకా అక్కడిదాకా రాలేదు.

"పక్క బస్తీకి" అన్నాడు డానియేలు,
"వాళ్ళకొస్తే మనకు పోతది."
"ఫంక్షన్ హాలుకు" అంది వెనక బెంచీ.
లైన్‌మన్ కొడుకు అఫ్రోజ్ లేచి నిలబడ్డాడు.
"అది పోదు టీచర్, ఆపుతరు.
మా అబ్బా స్తంభమెక్కితే ఆపుతరు.
ఆపకపోతే
మా అబ్బా పోతడు."

ఆ తర్వాత కాసేపు
బోరబండ సందుల్లో ఆటోల చప్పుడు మాత్రమే.

చాక్‌పీసు తీసుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాను,
స్విచ్చు నుంచి మీటరుకు, మీటరు నుంచి స్తంభానికి,
సబ్‌స్టేషను దాటి, బండరాళ్ళ మీదుగా కాళ్ళు చాపిన టవర్లు దాటి
పైకి, ఉత్తరానికి.
బోర్డు అయిపోయింది. గోడ మీద గీశాను.
కిటికీ పక్కన, పెచ్చులూడిన చోట
ఒక పొగగొట్టం నిలబెట్టి రామగుండం అన్నాను.

"అది మా అమ్మమ్మోళ్ళ దిక్కు" అంది రవళి.
ఏడాదిలో ఆ పిల్ల తనంతట తాను మాట్లాడిన మొదటి మాట.
"అందరూ బట్టలు దులిపి ఆరేస్తరు,
మా అమ్మమ్మ ఆరేసి దులుపుతది.
ఆడ ఒక చెరువుంటది టీచర్,
నీళ్ళకు కాదు, బూడిదకు."
"మన సున్నం చెరువుల సున్నమున్నట్టా?"
ఎవరో అన్నారు. అందరం నవ్వాం, నేను కూడా.
నవ్వింది చాలు అనిపించేదాకా.

సెలవుకు పోయొచ్చిన సోమవారం
జండూబామ్ సీసాలో పట్టుకొచ్చింది,
అమ్మమ్మ డాబా మీద చీపురుకు దొరికినంత.
అరచేతి నుంచి అరచేతికి నడిచింది బూడిద.
ఒకడు నుదుట పెట్టుకున్నాడు.
ఒకతి వాసన చూసి, ఏ వాసనా లేదంది,
అదే భయమేసినట్టు.
డానియేలు బయటికి పరిగెత్తి
కొత్త ప్రహరీ ఇటుకను గోటితో గీకి తెచ్చాడు.
రెండూ పక్కపక్కన పోశాం. ఒకటే రంగు.
మూడేళ్ళుగా ఆ గోడకు ఆనుకునే
నేను టిఫిన్ డబ్బా తెరుస్తున్నాను.

అప్పుడే వచ్చింది కరెంటు.
ఫ్యాను ఒక్కసారి దగ్గి తిరిగింది.
చేతుల్లో ఉన్నదంతా లేచి
నోటు పుస్తకాల మీద, జడల మీద, అటెండెన్సు రిజిస్టరు మీద.

"ఆపాల్నా టీచర్?"
స్విచ్చు దగ్గర నిలబడి అడిగింది రవళి.
బయట నలభై రెండు డిగ్రీలు.
కిటికీలోంచి చూస్తే మాదాపూర్ అద్దాల మేడలు,
పట్టపగలు, లోపల లైట్లు వెలుగుతూనే.
మా క్లాసుకు ఉన్నవి రెండు ఫ్యాన్లు,
ఒకటి పోయిన జూన్ నుంచి తిరగడం లేదు.
నేను పాఠం చెప్పేదాన్ని. నా దగ్గర జవాబుండాలి.
"కూర్చో" అన్నాను.

యూనిట్ టెస్టులో ప్రశ్న,
విద్యుత్తు పొదుపునకు మూడు మార్గాలు రాయుము.
నలభై మంది గైడులో ఉన్నదే రాశారు.
రవళి రాసింది:
'ఒకటి, మా అమ్మమ్మ ఇప్పుడు బట్టలు ఇంట్లనే ఆరేస్తుంది.
ఇది పొదుపు అవునో కాదో తెలియదు.
మిగిలిన రెండు మాదాపూర్ వాళ్ళను అడగవలెను.'

రాత్రి పదిన్నరకు దిద్దుతున్నాను.
ఎన్ని మార్కులో తేలక
ఎర్ర పెన్ను గాల్లోనే ఉండగా
ట్యూబులైటు ఆరింది.

ఎక్కడికని అడగలేదు ఈసారి.
ఏ స్తంభం మీదో ఒక మనిషి
రెండు చేతులతో తీగను పట్టుకుని ఉంటాడు.
అతను కిందికి దిగేదాకా
రాకపోయినా ఫర్వాలేదు.