గిడస లెక్క

గుణుపురంలో వంశధార వేసవికి పక్కకి ఒత్తిగిల్లి
మోకాలిలోతు నీళ్లు మాత్రం కప్పుకుంటుంది.
అప్పుడు బయటపడతాయి బురదలోంచి
గాలిని నోటితో తాగే చేపలు.

దుఖీ మావుసి గంపలో తడిగోనె కింద
నల్లటి కొర్రమట్ట, చుక్కల మట్టగిడస,
ఇంకా వాజాలకి నీలి అంచున్న వేలెడంతది ఒకటి.
"అది కొర్రమట్ట పిల్ల బాబూ, ఊరికే అట్టుకుపో."

మా గిడసని ఇక్కడ గడిశా అంటారు.
ఏ వాన ఏ గట్టు దాటించిందో ఆ మాటని,
మొదట ఎవరి చెరువుదో నేను చెప్పలేను.

కాలేజీలో తలుపు సరిగా పడని గది.
తల కోస్తే మొప్పల పైన చిన్న అర,
మడతలు మడతలుగా ఎర్రటి పొర,
గాలి దాచుకునే చిల్లర సంచి.
మూడింటికీ ఉంది. ఒకే ఇంటిపేరు.
తర్వాత పొలుసులు, సూదిమొనతో,
మొప్ప దగ్గర్నుంచి తోకదాకా.
తుమ్మొస్తే మళ్లీ మొదట్నుంచి.

వేలెడంతదాని కడుపు చీలిస్తే
పచ్చగా, ఆవగింజల్లా, గుడ్లు.
మర్నాడు సీసా పట్టుకెళ్లి చూపించాను.
"పిల్ల కాదు మావుసీ, తల్లి."
ఎండకెత్తి చాలాసేపు చూసింది.
"నలబయ్యేళ్లు తల్లిని పిల్లనేసి
కొసరేసీసినానన్నమాట."
ఆ పూట ధర చెప్పలేదు.

ఒళ్లు చెప్పగలిగింది అక్కడితో ఆగింది.
అడవినాభి దుంపలో ఉండే విషమే సూదిమందు:
చీలబోయే కణాన్ని ఆపేస్తుంది,
గడప మీద కాలు పెట్టినవాణ్ణి
వెనకనుంచి పేరు పెట్టి పిలిచినట్టు.
ఆ క్షణాన్ని వెనిగర్ వాసనలో నిలవేసి
ఛాతీ ఎత్తునుంచి గాజుపలక మీదికి ఒక్క చుక్క.
పగలాలి. పగిలితేనే
ఊదారంగు పట్టిన నువ్వుపలుకులు విడివిడిగా పరుచుకుంటాయి.

మావుసి అడిగింది, ఎన్నని.
కొర్రమట్టకి నలభై. గిడసకి ముప్పై రెండు.
"పళ్లన్నమాట! నా నోట్లో పదకొండే, మరి నానేటి?"
నీకు నలభై ఆరు, అన్నాను.
"కొర్రమట్ట కంటే ఆరేనా" అని గంప నెత్తికెత్తుకుంది.
ఎక్కువుంటే గొప్పేం కాదని
నాకు సాయంత్రం వంతెన మీద గుర్తొచ్చింది.

ఆ మూడోదానికి పుస్తకాల్లో
ఒక్కో ఏటికి ఒక్కో అంకె.
ఫొటో తీసి, కత్తిరించి,
పొడుగు పక్కన పొడుగు, పొట్టి పక్కన పొట్టి,
జిగురు వేళ్లతో జతలు అంటించుకుంటూ పోయాను.
కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో
ఒక్కటి మిగిలింది.
దాని జత గాజు అంచు దాటి పోయిందో,
పక్కదాని కింద దాక్కుందో,
ఈ చేపకే అలా ఉందో.
మూడుసార్లు లెక్కపెట్టాను. బేసి.

జనాభా లెక్కలాయన మాతృభాష అడిగిన రోజు
అమ్మ వాకిట్లో తెలుగంది,
నానమ్మ వంటింట్లోంచి ఒడియా అని అరిచింది.
ఆయన పెన్సిలు కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

నల్లటి ఆ కాగితపు ముక్కని
అగ్గిపెట్టెలో వేసి సొరుగులో పెట్టాను.
కొండకవతలి వాగులో
రేపు ఇంకో నాలుగు పట్టాలి.