తోడు

షూర్ ఇంట్లో తోడు చచ్చిపోయింది.

పెరుగు తోడు కాదు.
నార్వేలో, సముద్రం దారి తప్పి
కొండల మధ్యకి దూరిపోయిన చోట,
బార్లీ నీళ్ళని బీరు చేసే తోడు.
దండలా గుచ్చిన కొయ్యముక్కలు,
వాటి సందుల్లో ఎండి, బూడిదరంగు పొట్టై,
ముత్తవ్వ నాటి నుంచీ
నిద్రపోతూ లేస్తూ వచ్చిన ప్రాణం.
అటకలోకి మంచునీళ్ళు కారాయి.
వాసన చూశాడు. నాలుక ఆనించాడు.
ఉమ్మేసి, నిచ్చెన మెట్టు మీదే
చాలాసేపు కూర్చున్నాడు.

"కొట్లో పొట్లం దొరుకుతుంది మామా,
ఎక్కడ కలిపినా ఒకటే రుచి" అంది ఇంగ్‌విల్.
"అదేగా దాని రోగం."

పొట్లాన్ని తిట్టడం నాకిష్టం లేదు.
పాపం, అలగదు, తడబడదు,
ఓస్లోలోనూ ఒసాకాలోనూ
అప్పజెప్పిన పాఠమే అప్పజెపుతుంది.
ఎవరింటికొచ్చానని మాత్రం
ఒక్కసారీ అడగదు.

ఎండ పడని వాలు మీద గుడ్‌వేగ్ ఇల్లు.
గొర్రెల కంచె దగ్గర మాట తెగి
ముప్పై ఒక్క ఏళ్ళు.
అయినా ఆ లోయలో ఒక కట్టుబాటుంది:
తోడు కోసం వచ్చినవాడికి లేదనకూడదు.
షూర్ ఖాళీ జాడీతో వెళ్ళాడు.
ఆమె మొహం చూడలేదు, జాడీ చూసింది.
"ఎప్పుడు పోయింది?"
మనిషి పోతే అడిగినట్టే అడిగింది.
"చలికాలంలో."
"ఇది మీదే. యుద్ధం రోజుల్లో మా అత్త
మీ అమ్మమ్మ దగ్గర చేతిరుమాల్లో కట్టి తెచ్చుకుంది.
అలాగని తిరిగిచ్చేస్తున్నాననుకోకు.
కంచె కంచే."

శనివారం, జూనిపర్ కొమ్మలు ఉడికిన నీళ్ళ వాసన
పశువులపాక దాకా పాకింది.
రాగి కాగులో వేలు ముంచాడు,
గోరువెచ్చకి ఒక పిసరు పైన.
థర్మామీటరు ఉంది. సొరుగులో ఉంది.
తోడు వేస్తూ కేక పెట్టాలి,
కేకెంతో బీరు ఘాటంత అంటారు.
అరవై ఎనిమిదేళ్ళ గొంతు లోయలోకి విసిరాడు.
కప్పు మీది కాకి లేచిపోయింది.
నీడవాలు నుంచి ఎవరిదో కుక్క
బదులు పలికింది.

మూడోనాటి సాయంత్రం పిలవకుండానే వచ్చారు,
వాసనే పిలుపు.
బ్రింయుల్వ్ ఒక గుక్క తాగి
గిన్నెలోకి అనుమానంగా చూశాడు.
"నారింజతొక్క ఏది? ఇది మనది కాదు."
పొగ ఉంది ఇందులో. తడి ఉన్ని ఉంది.
చివర్న ఎక్కడో కొండపండు పులుపు, గిల్లినట్టు.
"మనదే," అన్నాడు షూర్,
"డెబ్భై ఏళ్ళు నీడవైపు కాపురం చేసింది."

చీకటి పడ్డాక గుడ్‌వేగ్ వచ్చింది.
బూట్లు విప్పకుండా గడపలోనే నిలబడి తాగింది.
"నా దాంట్లో ఇంత తీపి లేదే.
అప్పుడే మీ బావినీళ్ళ మాట వింటోంది, చూడు,
నాలుగు రోజులు కాలేదు పంపించి."
కోపమో, మురిపెమో,
దీపం వెలుగులో తెలియలేదు.
రెండో గిన్నె అడిగింది.
కంచె మాట ఎవరూ ఎత్తలేదు,
తీసేస్తామని కూడా ఎవరూ అనలేదు.

అందరూ వెళ్ళాక, నురగలో ముంచిన కొయ్యదండని
ఈసారి పొయ్యి పక్కన ఆరేశాడు షూర్.
జాడీ కడిగాడు.
అడుగున మిగిలిన గసి కాస్త అందులో పోసి
గుడ్డ కట్టి, తలుపుకి దగ్గరగా పెట్టాడు,
ఎవరింట్లోనైనా పోతే,
వాళ్ళు మొహం చూపించక్కర్లేకుండా.