ఇతర ఖర్చులు

మైలాపూరు ఆఫీసులో మార్చి నెలాఖరు.
చెంగల్వరాయ నాయుడుగారి లెక్కలు నా బల్ల మీద:
మూడు కార్ల తరుగుదల,
అడయారు ఇంటి లిఫ్టు మరమ్మతు,
నిద్ర డాక్టరు ఫీజు, నెలనెలా.

వోచర్ల మధ్య నలిగిన బస్సు టిక్కెట్టు.
వెనక పెన్సిలుతో
"మెరీనా. సుండల్. నలభై."
ఏ పద్దులో రాయమంటారని ఫోన్ చేశాను.
కాసేపు మాట లేదు.
"ఆరోజు డ్రైవరు రాలేదయ్యా,
పొట్లం భలే వేడిగా ఉండింది" అన్నారు,
చిన్న దొంగతనం ఒప్పుకుంటున్నట్టు నవ్వుతూ.
పదకొండేళ్లలో ఆ నవ్వు వినలేదు నేను.

డబ్బుతో సుఖం లేదని మాత్రం అనను.
అద్దె కట్టేసిన రాత్రి
మా ఇంటి ఫ్యాను కూడా కిర్రుమనదు.

ఇతర ఖర్చుల్లో వేశాను.
ఆడిటరు ఎర్రసిరాతో కొట్టేశాడు:
బిల్లు లేదు.