ఆరో వంతు

కావలి రైల్వే గేటుకి ఇవతల
మాలకొండయ్య టీవీలు బాగుచేసే కొట్టు.
వెనక గదిలో, గోనెపట్టా తెర చాటున
గంటకి ఐదు రూపాయలు.
మద్రాసు మెయిలు పోయేటప్పుడు టీవీలో వాన కురిసేది,
మా బొమ్మ మాత్రం గట్టు అంచున
ఒంటికాలి మీద ఆగి ఉండేది.

రెండు క్యాసెట్లు. ఆట ఒకటే.
పసుపుది బర్మా బజారు సరుకు.
బూడిద రంగుది ఎవరు తెచ్చారో తెలీదు,
లేబులు మీద బాల్‌పెన్నుతో 'సుభాని, 8 బి' అని ఉండేది.
అవే గోడలు, అవే గుంటలు, అదే మూడో మలుపులో ముళ్ళబంతి.
"తేడా అంతా దూకడంలో ఉండాది" అనేవాడు ఖాజావలి.

పసుపుదాంట్లో
నేల వదిలావా, ఇక మనసు మార్చుకోడానికి లేదు.
విసిరిన గులకరాయి ఎట్టా పోతుందో అట్టా పోతావు.
బూడిదదాంట్లో గాల్లోనే వెనక్కి మళ్ళొచ్చు.
మీట తట్టి వదిలితే పొట్టి దూకు,
అదిమి పట్టుకుంటే నిడుపాటి దూకు,
దిగాక ఒక జానెడు జారుడు,
చేపల మార్కెట్టు తడిలో
హవాయి చెప్పులతో ఆగబోయినట్టు.

నాది బూడిద. వాడిది పసుపు.
"తప్పు చేసి గాల్లో దిద్దుకునేదీ ఒక ఆటేనా అబ్బయ్యా?
ఎగరకముందే లెక్క కట్టుకోవాల."
ఆ మాట మీద ఒక వేసవంతా మాట్లాడుకోలేదు,
పక్కపక్కనే కూర్చుని ఆడుతూనే.

ఇప్పుడు నా దగ్గర
గోరంత కార్డులో అన్నీ ఉన్నాయి.
జపాను వాళ్ళ మొదటిది,
దాన్ని కాస్త మెత్తబరిచిన రెండోది,
జేబులో పట్టే పెట్టెది, ఆకాశం సగం కోసేసి
గుంట ఎక్కడుందో చూపించకుండానే దూకమనేది.
ఫోనుది కూడా.
దాంట్లో బొటనవేలు అద్దం మీద మీట కోసం తడుముతుంది,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతికినట్టు.

మొన్న ఖాజావలి వచ్చాడు.
ఉదయగిరి సర్వీసు డ్రైవరు, రాత్రి ఇక్కడే హాల్టు.
కంట్రోలరు చేతికిచ్చి మొదటిది పెట్టాను,
రంగు చెదరకుండా, గీత వణక్కుండా, అచ్చంగా.

మూడో గుంటలో పడ్డాడు.
మళ్ళీ పడ్డాడు.
అయిదోసారి కంట్రోలరు కింద పెట్టి
అరచేతులు లుంగీకి తుడుచుకుని
"బండి మార్చావు నువ్వు" అన్నాడు.
"క్లచ్చి పైనే పట్టేస్తాండాది."

చెప్పాల్సి వచ్చింది.
వాళ్ళ తెర సెకనుకి అరవై సార్లు గీస్తుంది,
మన టీవీ యాభై సార్లే.
మనం ఆడినంత కాలం ఆ బొమ్మ
ఆరో వంతు నిదానంగా పరిగెత్తింది.
ఆరో వంతు నిదానంగా పడింది.
దాని వెనక పాట కూడా సాగదీసిన పాటే.
"మనకి వచ్చింది అసలుది కాదు, ఖాజా."

చాలాసేపు తెర వంక చూశాడు.
బొమ్మ అంచున నిలబడి రెప్పలేస్తోంది.
"అసలుదాంట్లో చస్తాండా గదా" అన్నాడు,
"నేను బతికేది ఏదో అది పెట్టు."

యాభైకి తగ్గించాను.
పసుపుదే పెట్టాను.

వాడి భుజాలు కొంచెం కిందికి దిగాయి.
మూడో గుంట దగ్గర ఆగలేదు, తెర వంక సరిగ్గా చూడను కూడా లేదు,
ముళ్ళబంతి నెత్తి మీదుగా పోయి
అవతలి ఇటుక మీద, అడ్డదారిలో బస్సు ఆపినంత మెత్తగా.

తర్వాత నేను ఆడాను.
గాల్లో వెనక్కి నొక్కాను. వినలేదు.
వాడు నవ్వలేదు. అది ఇంకా నొప్పి.

తెల్లారి నాలుగూ నలభైకి బస్టాండులో
టీ గ్లాసు ఊదుకుంటూ ఉన్నట్టుండి అడిగాడు,
"అయితే గంట ఆటలో మనకి ముట్టింది యాభై నిమిషాలేనా?"
"లెక్క ప్రకారం అంతే."
"మాలకొండయ్య గంటకి పది నిమిషాలు బాకీ మనకి."
సీటు మీద గుడ్డ దులిపి ఎక్కాడు,
వేళ్ళు ముడుస్తూ,
ఎన్ని సెలవులు, రోజుకి ఎన్ని గంటలు,
గేటు వేసున్న రోజులు తీసేసి.