అరక్కోణం పాసింజరు

పార్సెల్ మీద జర్మనీ ముద్ర.
బ్లేడుతో టేపు కోయగానే
కొత్త అట్ట వాసన గుప్పుమంది.
సెంట్రల్ పక్కన, మూర్ మార్కెట్టులో
నా కొట్టు నాలుగడుగుల వెడల్పు.
ఆ వాసనకే చాల్లేదు.

ఈ నెల వచ్చినవి పదకొండు.
చర్చి మెట్ల మీదే ప్రియుడితో తగువు పెట్టుకున్నట్టు
పాడే డెట్రాయిట్ ఆవిడ ఒకరు.
లాగోస్ నుంచి ఒక గిటారు, తీగలకి నూట మూడు జ్వరం.
పోయిన తమ్ముడి కోసం ఇరవై రెండు నిమిషాలు
శాక్సఫోన్ ఊదినవాడు,
ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో ఎంత విన్నా దొరకడు.
అన్నీ పాతవే.
ఆనాడు కొనే నాథుడు లేక పోయి
ఇప్పుడు మూడువేల నాలుగొందలకి
లేచి కూచున్నవి.

పదకొండోది పెరంబూరుది.

డెబ్భై నాలుగులో, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
ఒక్క రాత్రి, ఒక్క మైకు.
గిటారు డెస్మండ్, లోకో షెడ్డు ఫిట్టరు,
గోళ్ళ కింద గ్రీజు పోకుండానే వాయించేవాడట.
ఆర్గన్ ఎబినేజరు గారు,
ఆదివారం దేవుడికి, శనివారం డాన్సుకి.
అచ్చు వేసింది రెండొందలు, అమ్మింది ముప్ఫై ఏడు.
నాకు దొరికింది ఒకటి,
కొండితోపు పాతకాగితాల కొట్టులో, తూకానికి.
అట్ట చెద తినేసింది. గాడి బతికుంది.
పన్నెండేళ్ళుగా
షట్టరు దించేముందు రోజూ ఒక వైపు.

కొత్తది వచ్చిందని కబురు పెడితే
పటాళం నుంచి బస్సులో వచ్చారు పెద్దాయన.
ఎనభై ఒకటి. ఇనప స్టూలు మీద కూచుని
చొక్కా కాలరు కింది రుమాలు సర్దుకుని
"టీ తర్వాత నాయనా, ముందు సూది దించు" అన్నారు.

దించాను.
ఎంత శుభ్రంగా ఉందో!
డెస్మండ్ వేలు తీగ మీద జారిన చప్పుడు,
ఆర్గన్ పెడలు కిర్రుమనడం,
ఎవరో గొంతు సవరించుకోబోయి మానుకోవడం.
పెద్దాయన వేళ్ళు మోకాలి మీద
పాటకంటే అర అక్షరం ముందే నడుస్తున్నాయి.

రెండో వైపు, మూడో పాట.
మధ్యలో అన్నీ ఆగిపోతాయి.
గిటారు ఒక్క స్వరం పట్టుకుని
అలా, అలా, నిమిషం పైన.
కొత్త అట్టలో చిన్న పుస్తకం పెట్టారు,
చదివి వినిపించాను:
"ఇక్కడ కళాకారులు భారతీయ ధ్యానంలోకి
లోతుగా దిగిపోతారు."

నవ్వు దగ్గుగా మారి, దగ్గు మళ్ళీ నవ్వై,
స్టూలు కదిలిపోయింది.
"ధ్యానమా! అరక్కోణం పాసింజరయ్యా అది.
తొమ్మిది నలభైకి కిటికీ పక్కనించే పోయేది.
మళ్ళీ మొదటినించి వాయిద్దామంటే టేపు లేదు, డబ్బు లేదు.
ఇంజను కూత వేసింది.
డెస్మండ్ ఆ కూతకి శ్రుతి కలిపి
బండి పోయేదాకా పట్టుకున్నాడు.
నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని
డబ్బాలు లెక్కపెట్టాను. పదకొండు."

కొత్తదాంట్లో కూత లేదు.
మచ్చ అనుకుని తుడిచేశారు.
తుడిచిన చోట గిటారు ఒక్కటే
ఎవరికోసమో నిలబడి ఉంది.

నా పాత ప్రతి వేశాను.
బరబర, టిక్కు, బరబర,
దూరం నుంచి బండి.
పెదాలు కదిపారు. తొమ్మిది, పది.
పదకొండు దగ్గర కదలడం ఆగింది.
డెస్మండ్ పెర్త్ వెళ్ళి అక్కడే పోయాడని
మామూలుగా చెప్పి, టీ అడిగారు.

కొత్తది ఉచితంగా ఇస్తానన్నాను.
"వద్దు, అమ్ముకో. బాగుంది,
ఇస్త్రీ చొక్కాలా ఉంది.
ఆ రాత్రికి మాకు తలా పదిహేను రూపాయలు, ఒక బన్ను."
పుస్తకంలో తన పేరు తప్పుగా పడితే
నా పెన్నుతో ఒత్తు దిద్ది, బస్సుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది.
అదే రికార్డు. కొనేముందు వినాలంది.
మూడో పాటలో, అంతా ఆగబోయే చోట,
నేను లేచి
సగం దించిన షట్టరు పైకి తోశాను.
సెంట్రల్‌లో ఏదో ఒక బండి ఉండే ఉంటుంది.