నడిమి మాట

జహ్రా ఆసుపత్రిలో మూడో అంతస్తు కసువు ఊడ్చేదాన్ని.
ఆ పూట చీపురుతో సహా పిలిచినారు
నీకు ఇతని మాట వస్తుందంట గదా అని.
వస్తుంది. వాడిది రాయచోటి. నాది రాయచోటికి ఇవతల.
అరబ్బీ, పదకొండేళ్ళు ఇళ్ళల్లో గిన్నెలు తోమితే వచ్చింది.

మంచం మీద ఓబులేసు.
నడుం కింద ఇంకెవరో పండుకున్నట్టు
తన కాళ్ళకేసి తనే పరాయిగా చూస్తాన్నాడు.

ఫైలు నా అరచెయ్యంత మందం.
ఎనిమిది నెలలు ఎముక క్షయ అన్నారు.
ఎర్ర మాత్రలు మింగి
కుంకం నీళ్ళ మాదిరి ఒంటేలు పోసినాడు.
క్షయ తగ్గలేదు.
లేనిది ఎట్ల తగ్గుతుంది?

డాక్టర్ నజ్వా బస్రా మనిషి. గొంతు లేపదు.
తెర మీద నల్లటి వెన్ను.
"చూడు, రెండు పూసల నడిమి మెత్త అట్లనే ఉంది.
క్షయయితే చాలాసార్లు దాన్ని కూడా తినేస్తుంది."
ఆమె పెన్ను మొన కింద, ఎముక లోపల
ఒకదాన్నొకటి తోసుకుంటా బుడగలు.
నాకు నానబెట్టిన సగ్గుబియ్యం గుర్తొచ్చింది.

"రక్తంలో ఏమీ దొరకలేదు గదా," చిన్న డాక్టరు గొణిగినాడు.
"ఎముకలో దాక్కున్నది ఒక్కోసారి రక్తానికి చెప్పదు.
మనిషినే అడగాల."
నా దిక్కు తిరిగింది.

గొర్రెలా, ఒంటెలా?
గొర్లు. మూడొందల ఇరవై.
సాల్మీ దారిలో తారు రోడ్డు వదిలి గంట లోపలికి.
తొమ్మిదేళ్ళు.
నీళ్ళ ట్యాంకరు వారానికొకసారి,
కఫీలు మనిషి నెలకొకసారి.

కుక్క ఉండేదా?

అప్పటిదాకా టకటకా చెప్పినోడు
గోడకేసి తిరిగినాడు. తల ఒక్కటే తిరిగింది.
"దాని ఊసెందుకు కుల్సుమక్కా."

దీన్ని అరబ్బీలో ఏమనాల?
ఆలోచిస్తాన్నాడు, అని చెప్పినా.

మంచం అంచున మేము కూర్చోగూడదు. కూర్చున్నా.

పేరు బెల్లం. రంగు కూడా అదే.
ఆ ఎడారిలో తెలుగు తెలిసిన ప్రాణి అదొక్కటే.
దా అంటే వచ్చేది, పో అంటే అలిగేది.
చలి రాత్రులు వీపుకు వీపు ఆనించి పండుకునేది.
కుబ్బూసు సగం వాడికి, సగం దానికి, ఒకటే పళ్ళెం.
పండక్కి గొర్రెను కోస్తే
కార్జం నిండా నీటి బొబ్బలు.
పారెయ్ అనేవాడు కఫీలు.
"పారేస్తే పాపం గదక్కా. బెల్లానికి పెట్టినా."

ఒక్క మాట కూడా మింగకుండా అరబ్బీలో పెట్టినా.
డాక్టరమ్మ పెన్ను ఆగింది.
పోయిన తాళంచెవి దొరికినోళ్ళ మొహం ఒక్క క్షణం.
వెంటనే దాన్ని మడిచి కోటు జేబులో దాచుకుంది.

తర్వాత ఆమె చెప్పింది, నేను చెప్పాల్సింది:
గొర్రె బొబ్బ కుక్క పేగులో పురుగవుతుంది.
పురుగు గుడ్లు బొచ్చుకు, పళ్ళేనికి, చేతికి.
చేతి నుంచి కడుపుకు.
ఏ నూటికో ఒకరికి ఎముకలోకి.
చప్పుడు లేకుండా ఏళ్ళకేళ్ళు పెరుగుతుంది.
కొయ్యాల, బుడగ పగలకుండా.
పగిలితే విత్తనం చల్లినట్టే.
మాత్రలు ఎన్నాళ్ళో.
కాళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేను, అంది.

పురుగుకు రెండు భాషల్లోనూ మాట ఉంది.
వీపుకు వీపిచ్చి పండుకున్నదాని నుంచి
నీ వీపులోకి వచ్చిందనడానికి
నా దగ్గర ఏ భాషా లేదు.
"ఎడారిలో అంటుకునిందంట," అన్నా.

గొర్లోడికి జీవాల రోగాలు నాకంటే ఎరుక.
"బెల్లం నుంచేనా?"

తలూపినా.

తెర మీది బుడగల్ని శానాసేపు చూసినాడు.
కాళ్ళ గురించి అడగలేదు.
"దాన్ని చంపేస్తారా?"

నజ్వా కుర్చీ దగ్గరికి లాక్కుంది.
"లేదు. దానికీ మాత్రుంది. రొట్టెలో పెట్టి తినిపించాల.
మళ్ళీ మళ్ళీ, తప్పకుండా.
పచ్చి కార్జం మాత్రం వద్దను."

"ఎవురు పెడతారు?" అన్నాడు.

దీన్ని ఎవరికి తిప్పి చెప్పాల్నో తెలీలేదు.
ఇంకా పదహారు గదులు ఊడ్చాల.
చీపురు తీసుకోబోయి, ఆగి,
కుక్క మాత్ర పేరు చీటీ మీద రాసియ్యమని
డాక్టరమ్మను అడిగినా.
ఆ రోజు నా సొంతంగా అన్న మాట
అదొక్కటే.