మూడో గేరు

ములుగు రోడ్డు మీద పెట్రోల్ బంకు పక్కన
నీడ లేని తావుల నిలబెట్టిన బండిని.
పొద్దుగాల్నే కడిగిన.
కడిగితే ఇంకా ముసలిదై కనవడ్డది.

బ్రోకర్ సుదర్శనం చెవుల చెప్పిండు:
"నువ్వు జర తక్కువ మాట్లాడు."

వచ్చినోడు హబ్సిగూడ పిలగాడు, ప్రద్యుమ్న అట.
మోకాళ్ల మీద కూసోని కిందికెల్లి చూసిండు,
గొడ్డును కొనెటోడు పండ్లు చూసినట్టు.
అద్దం పక్కపొంటి నిలబడ్డ పైపు వట్టుకొని
"ఈ స్నార్కెల్ ఎవరు పెట్టిండ్రు అంకుల్?" అన్నడు.
దానికి అంత పేరున్నదని నాకు తెల్వదు.
మేం తొండం అంటం.
ఆటోనగర్ల యాకూబ్ పాషా కోసి అతికిచ్చిండు.
నీళ్లు పడని బోరుల గుంజి పారేసిన పైపు అది.
నీళ్లల్ల ఊపిరి పీల్చింది పన్నెండేండ్లు.

ముందటి విన్చు బావుల పూడిక తీసే క్రేనుది.
ఓసారి ఓట్ల డబ్బాల లారీని గుంజింది,
ఓసారి బురదల దిగవడ్డ పోశాలు బర్రెను.
బర్రెనే బరువు.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"
అరవై ఒక్క వేల నాలుగొందల ఎనిమిది కాడ ఆగింది.
ఆగింది మీటరే.
ఆ రాత్రి వాగు నడిమిట్ల లైట్ల దాక నీళ్లొస్తే
ఎనక సీట్ల ఈసం రాంబాయి కోడలు
నన్నూ, నన్ను గన్నోళ్లనూ తిట్టిన తిట్లు
లెక్కవెట్టుకుంట దాటిన.
ఆమె కొడుకు ఇప్పుడు ఆరో తరగతి.
అటెన్క తిరిగిన దూరం ఏ మీటర్ల లేదు.

సుదర్శనం దగ్గిండు.

ఎనక కిందికి యాలాడే మెట్టును కాలితోని తట్టి
"ఇది కోసేస్తా, గ్రౌండ్ క్లియరెన్స్‌కు అడ్డం" అన్నడు.
మా అవ్వ మంచం పట్టె అది.
రాయికి తాకొద్దని నువ్వు చూస్తున్నవు బిడ్డా,
నెలలు నిండినామె కాలికి అందాలని నేను చూసిన...
అనలే.
కోసుకో అన్న.

ఎందుకమ్ముతున్నవని మాత్రం అడగలే.
అడిగితే చెప్పేటోణ్ణి, వంతెన అయ్యిందని.
వంతెన కావాలని ఏడు దరఖాస్తులు రాసింది ఈ చెయ్యే,
ఏడిటినీ కలెక్టరాఫీసుకు మోసింది ఈ బండే.
ఇప్పుడు వాగు కింద పారుతది,
నూట ఎనిమిది బండి మీదికెల్లి కూతవెట్టుకుంట పోతది.
మంచిదే. మంచిదంటే మంచిదే.
మూడు వానకాలాలు మా వాకిట్ల నిలబడ్డ జీపు సీటుల
కోడి పదకొండు పిల్లల్ని లేపింది.

రెండు లక్షల కాడ మొదలైన బేరం
ఒకటీ అరవై ఐదు కాడ తెగింది.
పైసలు రెండుసార్లు లెక్కవెట్టుకొని జేబుల వెట్టినంక
అప్పుడు నోరిప్పిన:
"మూడో గేరు ఎత్తు మీద జారుతది.
ఎడమ మోకాలు ఆనించి పట్టాలె.
యాకూబ్ డబ్బా రెండుసార్లు ఇప్పిండు, చాతకాలే."
ముందుగాల చెప్పాల్సిన మాట. ఎరుకే.
సుదర్శనం నెత్తి వట్టుకున్నడు.
మూడు వేలు తీసి ఇయ్యవోయిన.
పిలగాడు వద్దన్నడు, మల్ల తీసుకున్నడు.

సీట్ల కూసోని తాళం తిప్పంగనే తుమ్మిండు.
ఏ ఏటి మిర్చి బస్తాల ఘాటో, ఎంత కడిగినా పోలే.
"జర ఆగు" అన్న.
ఎందుకో తెల్వకనే ఆగిండు.
ఇంకో తుమ్ము వచ్చింది.
"ఇగ పో."

ఏటూరునాగారం బస్సుల కిటికీ పక్కకు సీటు దొరికింది.
జేబు మీద చెయ్యి వెట్టుకొని కూసున్న.
పస్రా దాటినంక అడివి, అడివిల ఎత్తు,
డ్రైవరు గేరు మార్చిండు.
ముందు సీటాయన గిర్రున తిరిగి
"ఏందన్నా, గట్ల నూకుతవు?" అన్నడు.
చూస్తే నా ఎడమ మోకాలు
ఆయన సీటుకు గట్టిగ ఆని ఉన్నది.

తప్పయిందన్న.
ఎత్తు ఒడిసేదాక మాత్రం
మోకాలు తియ్యలే.